ముసలి ఎలుక గుండె ఎందుకు చిక్కింది?

2013లో అమెరికాలోని ఒక ప్రయోగశాల 23 నెలల ముసలి ఎలుకను, 2 నెలల పడుచు ఎలుకను పక్కపక్కన కుట్టి, రెండింటి రక్తం ఒకటిగా తిరిగేలా చేసింది. నాలుగు వారాలకు ముసలిదాని గుండె బరువు తగ్గింది. కండర కణాలు చిన్నవయ్యాయి.

మొదటి అనుమానం రక్తపోటు మీద. బీపీ తగ్గితే గుండె కండరం పలచబడుతుంది. కొలిచి చూస్తే కారణం అది కాదు. రక్తం కలవకుండా కుట్టిన జంటల్లో గుండె తగ్గనూ లేదు. కాబట్టి కారణం రక్తంలోనే ఉంది. ఇక్కడిదాకా పని గట్టిది.

రక్తంలో ఏది? వయసుతో తగ్గే ప్రొటీన్ల కోసం వెతికితే జీడీఎఫ్11 దొరికింది. దాన్ని 30 రోజులు ఎక్కిస్తే గుండె తగ్గిందని రాశారు.

2015లో ఒక మందుల కంపెనీ పరిశోధకులు జీడీఎఫ్11ను కొలిచిన సాధనాన్నే పరీక్షించారు. జీడీఎఫ్11కి మయోస్టాటిన్ అనే తోబుట్టువు ఉంది. పక్వ రూపంలో రెండూ దాదాపు 90 శాతం ఒకటే. సాధనం రెండింటినీ పట్టుకుంటోంది. మరి తగ్గింది ఏది? వీళ్ల కొలతలో జీడీఎఫ్11 వయసుతో పెరుగుతున్నట్టు కనిపించింది. అదీ నిలవలేదు. పరీక్షలో పెరిగినట్టు కనిపించిన గీత ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీ) ముక్కదని మొదటి బృందం 2016లో చూపింది. చివరికి మాస్ స్పెక్ట్రోమెట్రీతో రెండింటినీ విడదీసి మనుషుల్లో కొలిచారు. జీడీఎఫ్11 వయసుతో తగ్గలేదు. మగవాళ్లలో తగ్గింది మయోస్టాటిన్.

గుండె సంగతి వేరే తేల్చాలి. 2015లోనే మరో బృందం 24 నెలల ఎలుకలకు జీడీఎఫ్11ను మొదటి ప్రయోగంలోని మోతాదులోనే 28 రోజులు ఇచ్చింది. మార్పు లేదు. మొదటి బృందం 2016లో మోతాదు పెంచింది. గుండె తగ్గింది, ఒంటి బరువూ తగ్గింది.

ఇక్కడ ఒక ఎముక దగ్గర ఆగాలి. ఇలాంటి పనిలో గుండె బరువును మోకాలి కింది ఎముక పొడవుతో భాగిస్తారు. కొవ్వు పెరిగినా తరిగినా ఎముక మారదు కాబట్టి అది మంచి కొలమానమే. కానీ ఒళ్లంతా చిక్కిపోతే? ఎముక అంతే ఉంటుంది, గుండె తగ్గుతుంది, లెక్కలో అది బాగుపడినట్టే కనిపిస్తుంది.

2018లో, మార్పు లేదన్న బృందమే గుండెపై ఒత్తిడి పెంచిన ఎలుకల్లో మళ్లీ చూసింది. తక్కువ మోతాదు కొంత మేలు చేసింది. ఎక్కువ మోతాదుకు గుండెతోపాటు ఒళ్లూ కరిగింది. కొన్ని చచ్చిపోయాయి.

నా లెక్కలో జీడీఎఫ్11 మీద కేసు రుజువు కాలేదు. ఆ పేరుతో ఎవరైనా యౌవనం అమ్మజూపితే, ముందు ఎలుకల ఒంటి బరువుల పట్టిక అడగండి.