రెండో పార్టు ఎప్పుడస్తది?

తొంభైల మొదట్లో కురవిలో నాకు క్యాసెట్ల షాపుండేది. షాపంటే రోడ్డు పక్కన ఒక మడిగె, చెక్క అరలు, వీసీపీలు, కిరాయికిచ్చే ఒక కలర్ టీవీ. పెళ్లయినా, వినాయక నవరాత్రులైనా రాత్రికి టీవీతో పాటు మూడు క్యాసెట్లు పోయేవి. మొదటిది భక్తి సినిమా, రెండోది ఫైటింగ్. మూడోది తెల్లారగట్ల మెలకువగా ఉన్నవాళ్లది. కొత్త సరుకు కోసం మానుకోటలో రైలెక్కి వరంగల్ పోయేవాణ్ని.

ఆ అరల్లో అన్నిటికంటే ఎక్కువ అరిగిన క్యాసెట్ 'ఆదిత్య 369'. 1991 జులై 18న విడుదలైన సినిమా. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. హెచ్.జి.వెల్స్ 1895 నాటి నవలలోని కాలయంత్రాన్ని సింగీతం తెలుగు దారి పట్టించారు. బాలకృష్ణ ఆ యంత్రంలో 1526కి పోయి విజయనగరంలో దిగుతాడు. అక్కడ కృష్ణదేవరాయలూ ఆయనే, తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. అక్కణ్నుంచి 2504కి పోతే, మూడో ప్రపంచ యుద్ధం అయిపోయి, అణుధార్మికతకు భయపడి జనం నేల కింద బతుకుతుంటారు.

ఏ సినిమా పిల్లలు చూడొచ్చో మా ఊళ్లో సెన్సారు చీటీ చెప్పలేదు, తల్లులు చెప్పేవాళ్లు. వాకిట్లో చాపలేసుకుని కూచున్నంతసేపు గొడవ లేదు. రాయల కొలువులో రాజనర్తకిగా సిల్క్ స్మిత కనబడగానే, "ఏయ్, ముందుకు తిప్పు!" అని వెనక నుంచి కేక. తిప్పేవాణ్ని. పిల్లలు పడుకున్నాక మగవాళ్లు వెనక్కి తిప్పించుకునేదీ అక్కడికే. అందుకే టేపు ముందు అక్కడే గీతలు పడింది. పిల్లలు నిజంగా జడిసింది మాత్రం 2504కి. ఆ నేల కింది బతుకు చూసిన పిల్లలు మర్నాడు షాపుకొచ్చి, "అన్నా, గట్ల నిజంగయితదా?" అనేవాళ్లు. దాన్ని ముందుకు తిప్పమని ఒక్క తల్లీ అనలేదు. అనకపోవడమే మంచిదయిందని నా లెక్క. ఆ భయం లేకపోతే అది ఉత్త రాజుల సినిమా.

భయం తీరాక వాళ్లది ఒకటే ప్రశ్న: "రెండో పార్టు ఎప్పుడస్తది?" కథ కూడా వాళ్లే అల్లేవాళ్లు. మిషన్ ఈసారి మన వీరన్న గుడి ముందు దిగాలె. జాతర నాడు దిగాలె, అప్పుడైతే జనంలో ఎవరూ గుర్తుపట్టరు. నాకు ఆ కథ నచ్చేది. ఎందుకంటే విజయనగరం దాకా పోవాల్సిన పనే లేదు. నన్నయ కంటే ముందే, 10వ శతాబ్దంలో, తెలుగు వచనంలో చెక్కించిన కొరవి శాసనం ఈ ఊరిదే. ముదిగొండ చాళుక్యులు ఏలిన నేల ఇది. కాకతీయులు ఇంకా పెద్దరాజులు కాకముందు ఈ గడ్డ కోసం కొట్లాటలు జరిగినయి. మిషన్ ముల్లు ఇంకో ఆరు వందల ఏండ్లు వెనక్కి తిప్పితే చాలు. మద్రాసులో సినిమా కథలు రాసేవాళ్లకు కురవి ఎక్కడుందో ఎవరు చెప్తారు!

తర్వాత కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చినయి, మడిగె మూతబడింది. రెండో పార్టు రాలేదు. 'ఆదిత్య 999 మ్యాక్స్' అన్న పేరు మాత్రం ఏండ్ల తరబడి వినబడుతూనే ఉంది. కొడుకు మోక్షజ్ఞతో తీస్తామని బాలకృష్ణ చెప్పారు. 2025 ఏప్రిల్ 4న పాత సినిమానే 4కేలో మళ్లీ థియేటర్లకొచ్చింది. అప్పటి నా గిరాకీ పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

ఆ పిల్లల ఎదురుచూపు ఇంకో సినిమా రెండో పార్టు మీద. నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న వచ్చింది. దానికి మార్గదర్శిగా నిలబడ్డది మళ్లీ సింగీతమే. బుజ్జి అనే మాట్లాడే బండిని పిల్లల కోసమే పెట్టినట్టుంటది. దానిమీద వేరే బొమ్మల సిరీస్ కూడా తీశారు. అసలు సినిమాలో మాత్రం గర్భిణుల మీద ప్రయోగాలు, కాంప్లెక్స్ అనే కట్టడం లోపలి చీకటి. యూ/ఏ సర్టిఫికెట్ ఇచ్చి, నిర్ణయం తల్లిదండ్రులకే వదిలారు. ఇప్పుడు ఆ యూ/ఏని కూడా 7, 13, 16 ఏండ్లని మూడు మెట్లు చేశారు. మొదటి భాగంలో నటించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండదని 2025 సెప్టెంబర్‌లో నిర్మాతలే ప్రకటించారు. పెద్దవాళ్లు ఆ సంగతే మాట్లాడుకుంటున్నారు. మా వాడ పిల్లలకు అది పట్టలేదు. వాళ్లకు కావాల్సింది బుజ్జికి ఎక్కువ సీన్లు.