సంతకం వెనుక చరిత్ర



సర్వీసులో ఉండగా మనం ఎందరి చేత ఎన్ని వేల సంతకాలు పెట్టించామో లెక్కలేదు. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, కాగితం ముందుకు జరిపి, "ఇక్కడ పెట్టండి" అనడమే నా అలవాటు. ఒకసారి ఒక ముసలమ్మ "ఇందులో ఏముంది నాయనా?" అని అడిగితే, "వేలిముద్ర వేయమ్మా, వెనక లైను పెద్దదుంది" అన్నాను. ఆ మాట రెండేళ్ల క్రితం నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది.

మోచేతి మడతల్లో ఎగ్జిమా నన్ను చాలా ఏళ్లుగా వేధిస్తోంది. ఆసుపత్రిలో కొత్త ఆయింట్‌మెంటు మీద పరీక్ష జరుగుతోందని, చేరతారా అని అడిగారు. రెండు ట్యూబులు ఇస్తారు, ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి. ఒకదానిలోనే మందు ఉంటుంది. ఏది ఏదో నాకు గాని, చూసే డాక్టరుకు గాని తెలియదు. నేను వెంటనే కలం తీశాను. డాక్టరమ్మగారు ఆపి, "ఇంటికి తీసుకెళ్లి చదవండి. రేపు రండి" అన్నారు.

తెలుగులో ఉన్న ఆ అంగీకార పత్రం చదివాక, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది.

పోల్చి చూడటం పాత పద్ధతే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ సోకిన 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున విడదీసి ఆరు రకాల చికిత్సలు ఇస్తే, నారింజ, నిమ్మ తిన్నవారే త్వరగా కోలుకున్నారు. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు, 107 మందిలో మందు ఎవరికన్నది వైద్యుల ఇష్టానికి వదలక లాటరీ పద్ధతిన తేల్చారు. ఎగ్జిమాకు హైడ్రోకార్టిసోన్ పూత పనిచేస్తుందని 1952లో సుల్జ్‌బెర్గర్, విట్టెన్ అనే అమెరికా వైద్యులు చూపారు. వారిదీ ఒక పక్క మందు, రెండో పక్క ఉత్త పూత అనే పద్ధతే.

అయితే రోగి అనుమతి సంగతి? అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు అసలు సంగతి చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. స్వచ్ఛందమైన అంగీకారం తప్పనిసరి అని న్యూరెంబర్గ్ నియమావళి 1947లోనే చెప్పినా అది ఆగలేదు.

అంత దూరం ఎందుకు? 2009లో మన ఖమ్మం జిల్లాలో 14 వేల మంది దాకా బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. 2010లో దాన్ని నిలిపివేశారు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలను చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది.

2009 జూన్ 15 నుంచి మందుల పరీక్షలను ముందుగానే ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయడం తప్పనిసరైంది. 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. చదువురాని వారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. ఎప్పుడు కావాలన్నా మానుకోవచ్చు.

మర్నాడు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు విని సంతకం పెట్టాను. నాలుగో వారంలో కుడి చేయి దురదతో నిద్రలేక మానేద్దామనుకున్నాను. మానే హక్కు నాకుందని తెలిసి ఉండటం వల్లనే కొనసాగగలిగాను. చివరికి ఎడమ చేయి నయమైంది. మందు ఉన్నది ఆ ట్యూబులోనేనని తరువాత తెలిపారు.

నా ప్రతి ఫైలులో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ ముసలమ్మ ప్రశ్నే వినబడుతుంది. జవాబు చెప్పడానికి ఆనాడు నాకు రెండు నిమిషాలు పట్టేది.

మన వయసులో ఆసుపత్రి కాగితాలు తప్పవు. చదివి సంతకం పెట్టండి. చదవలేని వారు పక్కన ఉంటే చదివి వినిపించండి.