రెండు బొలీవియానోలు

2000 జనవరి. బొలీవియాలోని కొచబాంబా నగరంలో కొత్త నీటి బిల్లులు ఇంటింటికీ చేరాయి.

ఆండీస్ కొండల నడుమ, సముద్రమట్టానికి రెండున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న లోయ అది. కెచువా భాషలో ఆ ఊరి పేరుకు అర్థం చెరువుల మైదానం. పేరులో చెరువులున్నాయి గానీ కుళాయిల్లో నీళ్లు లేవు. రోజూ కొన్ని గంటలే నీళ్లొచ్చే వీధులు కొన్ని. దక్షిణాన కొండవాలు బస్తీల్లో అయితే అసలు కుళాయే లేదు. ఊళ్లో చాలాచోట్ల జనమే చందాలు వేసుకుని, తలా ఓ చెయ్యి వేసి బావులు తవ్వుకున్నారు, గొట్టాలు పరుచుకున్నారు.

బిల్లు మీద కొత్త పేరుంది: అగువాస్ దెల్ తునారి. అగువాస్ అంటే నీళ్లు. తునారి అంటే ఊరి నెత్తిన కనిపించే శిఖరం. పేరు ఊరిదే, యజమానులు మాత్రం పైవాళ్లు. అమెరికాకు చెందిన బెక్టెల్, ఇటలీకి చెందిన ఎడిసన్, స్పెయిన్‌కు చెందిన అబెంగోవా, వాళ్లతోపాటు కొందరు స్థానిక భాగస్వాములు. పేరు కింద అంకె. నెలకు అరవై డెబ్భై డాలర్ల కూలితో ఈడ్చుకొచ్చే ఇంటికి ఇరవై డాలర్ల బిల్లు. చాలా ఇళ్లలో రెట్టింపయింది. కట్టకపోతే కుళాయి కట్ చేస్తారు.

ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?

అంతకు నాలుగు నెలల ముందు, 1999 సెప్టెంబరులో, ఊరి నీటి సరఫరాను 40 ఏళ్లపాటు ఆ కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం కుదిరింది. టెండరు వేసింది ఆ ఒక్కరే. ఏటా 15 నుంచి 17 శాతం దాకా రాబడికి హామీ. కొండ తొలిచి మిసికూని నది నీళ్లు తెచ్చే పెద్ద ప్రాజెక్టు భారం కూడా బిల్లులోకే చేరింది. చుక్క నీరు రాకముందే దాని ఖర్చు వసూలు మొదలైంది. అక్టోబరులో 2029 నంబరు చట్టం వచ్చింది. జనం సొంత కష్టంతో తవ్వుకున్న బావుల మీద కూడా కంపెనీకి పెత్తనం దక్కే వీలు అందులో ఉంది. గొడవకు అసలు నిప్పు అక్కడే రాజుకుందని నాకనిపిస్తుంది. ధర పెరిగితే మనిషి సణుగుతాడు, తిట్టుకుంటాడు. తాను తవ్విన బావికి ఇంకొకడు యజమాని అంటే ఊరుకోడు.

ఇందులో ప్రపంచ బ్యాంకు పాత్ర ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి. మిసికూని ప్రాజెక్టు దండగ అని బ్యాంకు మొదటినుంచీ అంటూనే ఉంది. కానీ నీటి సరఫరాను ప్రైవేటుకు ఇవ్వమని ఒత్తిడి పెట్టిందీ అదే. కొచబాంబాలో నీటి చార్జీలు పెరిగితే ఆ భారం తగ్గించడానికి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వకూడదని 1999 జూన్ నివేదికలో రాసిందీ అదే. అప్పుల్లో మునిగిన పేద దేశానికి బ్యాంకు సలహా అంటే వినీ విననట్టు వదిలేసే మాట కాదు.

ఊరు కదిలింది. చెప్పుల ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసిన కార్మిక నాయకుడు ఆస్కార్ ఒలివేరా ముందు నిలిచాడు. చుట్టుపక్కల పొలాలకు నీళ్లు పారించుకునే రైతులు, కోకా పండించేవాళ్లు, విద్యార్థులు, బస్తీల ఆడవాళ్లు వెంట నడిచారు. జనవరిలో బంద్. ఫిబ్రవరిలో లాఠీలు, బాష్పవాయువు, వందమందికి పైగా గాయాలు. నడి చౌక్‌లో బిల్లులు గుట్టపోసి తగలబెట్టారు. మార్చిలో వీధుల్లో పెట్టెలు పెట్టి ఊరే సొంతంగా ఓటింగ్ జరుపుకుంది. దాదాపు యాభై వేలమంది ఓటేస్తే, 96 శాతం ఒప్పందం వద్దన్నారు. అది చట్టబద్ధమైన ఓటు కాదని ప్రభుత్వం కొట్టిపారేసింది.

ఏప్రిల్ 4న మళ్లీ బంద్. రహదారులన్నీ మూసుకుపోయాయి. సెప్టెంబరు 14 అనే పేరున్న చౌక్ ఎదురుగా ఫ్యాక్టరీ కార్మికుల సంఘం ఆఫీసు. దాని బాల్కనీ నుంచి పెద్ద ఎర్ర బ్యానరు వేలాడుతోంది: నీళ్లు మావి. చర్చలకు పిలిచిన నాయకుల్ని చర్చల దగ్గరే పట్టుకున్నారు. ఏప్రిల్ 8న అధ్యక్షుడు హ్యూగో బాంజెర్ ఎమర్జెన్సీ ప్రకటించాడు. డెబ్భైల్లో సైనిక నియంతగా ఏలిన మనిషే అతను. ఆ రోజు మామూలు బట్టల్లో ఉన్న ఓ సైనికాధికారి తుపాకీ గురిపెట్టి జనం మీదికి కాల్చడం టీవీ కెమెరాలో పడింది. వీధిలో 17 ఏళ్ల కుర్రాడు ముఖంలో తూటా దిగి చనిపోయాడు. ఆ అధికారిని తర్వాత సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది.

ఏప్రిల్ 10న ప్రభుత్వం దిగొచ్చింది. కంపెనీ వెళ్లిపోయింది. చట్టం మారింది. ఊరంతా పండగ.

సినిమా అయితే ఇక్కడ శుభం పడేది. జరిగిన కథలో సగమే అయింది.

2001 నవంబరులో అగువాస్ దెల్ తునారి వాషింగ్టన్‌లో కేసు వేసింది. వేసింది అమెరికా కోర్టులో కాదు. ప్రపంచ బ్యాంకు గొడుగు కింద 1966 నుంచి నడుస్తున్న పెట్టుబడి వివాదాల పరిష్కార కేంద్రంలో. అక్కడ విదేశీ పెట్టుబడిదారు ఏకంగా దేశం మీదే కేసు వేయవచ్చు. తీర్పు చెప్పేది ముగ్గురు మధ్యవర్తులు. మామూలుగా ఒకరిని కంపెనీ ఎంచుకుంటుంది, ఒకరిని ప్రభుత్వం, మూడోవారు అధ్యక్షులు. బొలీవియా నష్టపరిహారం కట్టాలని వాదన. పత్రికల్లో మొదట వినిపించిన మొత్తం రెండున్నర కోట్ల డాలర్లు.

ఏ హక్కుతో? అక్కడుంది కిటుకు. ఆ కేసు నెదర్లాండ్స్, బొలీవియా దేశాల పెట్టుబడి ఒప్పందం కింద వేశారు. కొచబాంబా కుళాయికీ డచ్చి దేశానికీ ఏం చుట్టరికం? 1999 డిసెంబరులో, బిల్లులు గడపలకు చేరకముందే, కంపెనీ యాజమాన్యపు గొలుసులో ఒక కొస కేమన్ దీవుల నుంచి లక్సెంబర్గ్‌కు మారింది, దాని పైన నెదర్లాండ్స్‌లో నమోదైన కంపెనీలు వచ్చి కూర్చున్నాయి. ఈ మార్పు నీటి సరఫరా ఒప్పందానికే విరుద్ధమని బొలీవియా వాదించింది. 2005 అక్టోబరులో ట్రిబ్యునల్ ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా చీలి, కేసు చెల్లుతుందని తేల్చింది.

పెట్టుబడి పెట్టినవాడికి రక్షణ అక్కర్లేదని నేననను. రాత్రికి రాత్రి ఆస్తి లాక్కునే ప్రభుత్వాలు ఉన్నాయి. వాటి సొంత కోర్టుల్లో బయటివాడికి న్యాయం దొరకడం కష్టమే. నా బాధ ఇంకొకటి. 2002లో 41 దేశాల నుంచి మూడు వందలకు పైగా సంఘాలు కేసు విచారణ బహిరంగంగా జరపమని రాశాయి. కొచబాంబా జనం తమ మాట వినమని దరఖాస్తు పెట్టుకున్నారు. రెండు పక్షాలూ ఒప్పుకోకుండా మా చేతుల్లో లేదని ట్రిబ్యునల్ తిప్పి పంపింది. బిల్లు కట్టినవాళ్లకు, తూటా తిన్న కుర్రాడి తల్లికి ఆ గదిలో కుర్చీ లేదు. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. విశాఖ మన్యం బాక్సైట్ ఒప్పందం ఆగిపోయాక రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ యూఏఈతో మన దేశానికున్న ఒప్పందాన్ని పట్టుకుని మధ్యవర్తుల దగ్గరికి వెళ్లింది. ఆ కొండల గిరిజనులకూ అక్కడ కుర్చీ లేదు.

ఊరివాళ్లు వదల్లేదు. అప్పట్లో బెక్టెల్ ప్రధాన కార్యాలయమున్న శాన్‌ఫ్రాన్సిస్కోలో నిరసనలు సాగాయి. కేసు మానుకోమని ఆ నగర పాలకవర్గమే తీర్మానం చేసింది. చివరికి 2006 జనవరి 19న రాజీ కుదిరింది. తమ వాటాల్ని బొలీవియాకు అప్పగిస్తూ కంపెనీలు పుచ్చుకున్నది రెండు బొలీవియానోలు. పావు డాలరు విలువ. ఇంకో మూడు రోజులకు ఎవో మొరాలెస్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. 2000లో వీధుల్లో నిలిచిన కోకా రైతుల నాయకుడే అతను. 2007 మే 2న బొలీవియా ఆ పెట్టుబడి వివాదాల కేంద్రం నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసిచ్చింది. ఏ దేశమైనా అలా చేయడం అదే మొదలు.

నీళ్ల నిర్వహణ తిరిగి మున్సిపల్ సంస్థ చేతికొచ్చింది. అవినీతీ లీకేజీలూ దాన్నీ పట్టి పీడించాయి. దక్షిణ బస్తీల్లో ఆ తర్వాతా ఏళ్ల తరబడి ట్యాంకర్ లారీలే దిక్కు. దుమ్ము దారిలో లారీ హారన్ వినిపించగానే ఇంటి ముందు రెండు వందల లీటర్ల డ్రమ్ము మూత తీస్తారు. గొట్టం లోపల పెట్టి నింపి, డ్రమ్ముకింత అని డబ్బు పుచ్చుకుని లారీ పై వీధికి ఎక్కుతుంది.