గాలికి తూనికరాళ్ళు

త్రాసు ఎంత మంచిదైనను తూనికరాయి తప్పయినచో తూకము తప్పును. అందుచేతనే అంగళ్ళలోని రాళ్ళను ప్రమాణపు రాయితో సరిచూచి ముద్రవేయుదురు. భూమి వేడెక్కుటకు ముఖ్యకారణమగుచున్న కార్బన్ డై ఆక్సైడ్, అనగా బొగ్గుపులుసు వాయువు, గాలిలో ఎంత కలదో కొలుచుటకును ఇట్టి తూనికరాళ్ళే కావలెను.

19వ శతాబ్దము నుండియు శాస్త్రజ్ఞులు రసాయన పద్ధతులతో ఈ వాయువును కొలుచుచుండిరి. కాని ఒకరి అంకెకు మరియొకరి అంకెకు పొత్తు కుదరలేదు. ఈ వాయువు పెరుగుచున్నదా, లేదా అను ప్రశ్నకు రూఢియైన సమాధానము దొరకలేదు.

1955 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను యువ శాస్త్రజ్ఞుడు పాదరసముతో పనిచేయు పీడనమాపకము నొకదానిని నిర్మించెను. కొలతలు తెలిసిన గాజుపాత్రలో గాలిని నింపి, దాని పీడనమును చూడవలెను. పిమ్మట ద్రవ నత్రజనితో చల్లార్చి, బొగ్గుపులుసు వాయువును మంచువలె గడ్డకట్టించి వేరుచేయవలెను. దానిని మరల వాయువుగా మార్చి, చిన్నపాత్రలో పీడనము కొలిచినచో పాళ్ళు లెక్కకు వచ్చును. పద్ధతి నిక్కమైనదే కాని, రేయింబవళ్ళు కొలుచుటకు తగినది కాదు.

అందుకై పరారుణ కిరణములతో పనిచేయు విశ్లేషక యంత్రమును 1958 మార్చిలో హవాయి దీవులలోని మౌనాలోవా పర్వతముపై నెలకొల్పిరి. ఈ యంత్రము రెండు వాయువులను పోల్చగలదే గాని, తనంతట తాను పాళ్ళు చెప్పజాలదు. కనుక పాళ్ళు తెలిసిన వాయువును ఉక్కు సిలిండర్లలో నింపి పంపుచుండిరి. ఇవియే తూనికరాళ్ళు. సిలిండరు ఖాళీయగుచుండగా గోడలకంటిన వాయువు వెలువడి పాళ్ళు మారవచ్చును. కావున వాటిని కీలింగ్ పనిచేయు స్క్రిప్స్ సంస్థకు తిరిగి తెప్పించి, పాదరస మాపకముతో మరల పరీక్షించిరి. ఆనాడు ఏటి పెరుగుదల పదిలక్షల పాళ్ళలో ఒక్క పాలుకంటె తక్కువ. ఇంత జాగ్రత్త లేనిచో అది కనబడి యుండెడిది కాదు. 1960లో కీలింగ్ ఆ పెరుగుదలను లోకమునకు వెల్లడించెను.

అయినను తూనికరాతిలోనే ఒక లోపము దాగియుండెను. సిలిండర్లలో బొగ్గుపులుసు వాయువును నత్రజనితో కలిపిరి; సహజమైన గాలిలోనో ఆమ్లజని కూడ నున్నది. తోడి వాయువును బట్టి పరారుణ కిరణముల శోషణ కొంత మారునని, ఆ తేడా యంత్రమును బట్టి వేరువేరుగ నుండునని 1975లో తేలినది. తప్పు కొన్ని పాళ్ళవరకు, అనగా కొన్ని ఏండ్ల పెరుగుదలకు సమానముగ నుండవచ్చును. ఒకచోట ఒకే యంత్రముతో, ఒకే విధమైన రాళ్ళతో తూచినందున పెరుగుచున్నదను నిర్ణయము చెడలేదు. కాని వేరువేరు దేశముల అంకెలను పోల్చుట చిక్కయ్యెను. సిలిండర్ల చరిత్ర యంతయు పుస్తకములలో భద్రముగ నున్నందున పాత అంకెలను సరిదిద్ద గలిగిరి. సరిదిద్దిన లెక్క ప్రకారము 1958 మార్చి సగటు సుమారు 315 పాళ్ళు. 2024 సంవత్సరపు సగటు 424 దాటినది.

1995 నుండి ఈ ప్రమాణములను కాపాడు భారము బౌల్డరు నగరములోని అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలది. కొలరాడో కొండలపై నైవట్ రిడ్జ్ వద్ద స్వచ్ఛమైన గాలినే ఆరబెట్టి అల్యూమినియము సిలిండర్లలో నింపుచున్నారు. పాత తప్పు నేర్పిన పాఠమిది. ఉత్తరార్ధగోళమున ప్రయోగశాలల నడుమ తేడా 0.1 పాలు మించరాదని ప్రపంచ వాతావరణ సంస్థ లక్ష్యము.

గాలి మారినదా, లేక రాయి మారినదా అను సందేహము తీరిననాడే కొలత నమ్మదగినదగును.