అక్షరం ఖరీదు

మన సభల్లో ఈ మధ్య తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. యువతరం ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నదనీ, వారికి భాషాభిమానం లేదనీ, తెలుగు లిపి మరో తరానికి మిగలదనీ. ఇలా అనేవారిలో అభ్యుదయవాదులూ ఉంటారు, సంప్రదాయవాదులూ ఉంటారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే గొంతు. సాహిత్యంలో వచ్చే ప్రతి మార్పుకూ వెనకనున్న భౌతిక పరిస్థితుల్ని వెదికే మనం, ఈ మార్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అభిమానం, అలసత్వం అనే మాటలతో సరిపెట్టుకోవడం నాకు వింతగా తోస్తుంది. తెలుగు అక్షరం తీగ మీదికీ, ఆ తర్వాత తెర మీదికీ ఎక్కడానికి ఎంత ఖరీదైందో, ఆ ఖరీదు కట్టినవారెవరో చూడకుండా చెప్పే తీర్పు తీర్పు కాదు.

కథ తంతితో మొదలవుతుంది. ఇండియాలో మొదటి ప్రయోగాత్మక తంతి మార్గం 1850లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య వేశారు. 1855 నుంచి ప్రజలు కూడా డబ్బు కట్టి వాడుకోవచ్చునన్నారు. కంపెనీ పాలకులు ఆ తీగలు వేసింది ప్రజల కోసం కాదనడానికి 1857 తిరుగుబాటే సాక్ష్యం. తిరుగుబాటుదారులు తీగల్ని తెంచేవారు, దొరలు వాటిని మళ్లీ అతికించేవారు. ఆ తీగ మీద నడిచే మోర్సు సంకేతాలు రోమను అక్షరాలకు చేసినవి. రుసుము మాటకింత. స్వాతంత్ర్యం తర్వాత 1949 నుంచి దేవనాగరిలో హిందీ తంతికి ఏర్పాటు జరిగింది. తెలుగు పల్లెకు మాత్రం టెలిగ్రాం ఇంగ్లీషులోనే వచ్చేది. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగు మాటలు ఇంగ్లీషు రానివాళ్లకు కూడా కంఠతా వచ్చు. అయినా కాగితం పట్టుకుని కరణం ఇంటికో బడిపంతులు దగ్గరికో పరుగెత్తవలసిందే. తల్లి ప్రాణం మీదికొచ్చిన సంగతి కొడుక్కి మూడోమనిషి నోట, పరాయి భాషలో చేరేది. దీన్నెవరూ భాషాభిమాన లోపమనలేదు. 2013 జులైలో టెలిగ్రాం సేవను ఆపేసినప్పుడు పత్రికలు కన్నీటి వ్యాసాలు వేశాయి గాని, ఆ కాగితాన్ని చదివించుకోవడానికి ఊరంతా తిరిగినవాళ్ల సంగతి వాటిలో నాకు కనబడలేదు.

తంతి మన వచనాన్ని కూడా తాకింది. వార్తా సంస్థల నుంచి టెలిప్రింటరు మీద దిగే వార్త ఇంగ్లీషు. తెల్లవారేలోగా దాన్ని తెలుగు చేయవలసిన ఉపసంపాదకుడికి వాక్యాన్ని విప్పి మళ్లీ కట్టే తీరిక ఎక్కడిది? "నిర్ణయం తీసుకోబడింది" వంటి కర్మణి వాక్యాలు మన దినపత్రికల్లో అంతగా పాతుకుపోవడానికి వ్యాకరణం మీద అజ్ఞానం కన్నా ఆ రాత్రి డ్యూటీ పెద్ద కారణమని నా అభిప్రాయం. పత్రికాభాష మీద పరిశోధన చేసే విద్యార్థులు ఈ కోణాన్ని పరిశీలించాలి.

ఇక కంప్యూటరు. కంపోజిటరు చేతిలో సీసపు అక్షరం ఉన్నంతకాలం అది చూడగలిగే, తాకగలిగే వస్తువు. కంప్యూటరులో అక్షరమంటే ఒక సంఖ్య. ఏ సంఖ్యకు ఏ అక్షరమన్నది ఒప్పందం. ఆ ఒప్పందం అందరిదీ అయితే ఒకరు రాసింది మరొకరు చదువుతారు. భారతీయ లిపులన్నిటికీ కలిపి అలాంటి ప్రమాణాన్ని ప్రభుత్వ సంస్థలు తయారుచేశాయి. ఇస్కీ పేరుతో 1991లో అది జాతీయ ప్రమాణమయింది. కాని అప్పటికే అచ్చు వ్యాపారం మరో దారి పట్టింది. డి.టి.పి. కోసం ఫాంట్లు తయారుచేసిన ప్రతివారూ ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తమకు తోచిన వరుసలో తలకట్టునూ, కొమ్మునూ, వత్తునూ కూర్చోబెట్టారు. ఒకరి వరుస మరొకరికి పొసగదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగు, లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. పెద్ద దినపత్రికలు ఇంటర్నెట్టులోకి వచ్చినప్పుడు కూడా ఎవరి ఫాంటు వారిదే. అచ్చయిన అక్షరం ప్రజలదేగాని, దాని వెనకనున్న సంఖ్య ప్రైవేటు ఆస్తి. ఇంతకన్నా నిక్కమైన వర్గ ఉదాహరణ సాహిత్య విద్యార్థికి దొరకదేమో.

ఇందుకు విరుగుడుగా వచ్చింది యూనికోడు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదుల చోటు కేటాయించారు. అయితే ఆ గదుల అమరిక ఇస్కీ నుంచి తెచ్చుకున్నది. ఇస్కీకి మూసగా నిలిచింది దేవనాగరి. అందుకే దేవనాగరిలో లేని మన దంత్య చ, జలకు, అంటే ౘ, ౙలకు, 2008 దాకా చోటు దొరకలేదు. మన పాత నిఘంటుకారులు శ్రద్ధగా గుర్తు పెట్టి చూపిన తేడాను యంత్రం గుర్తించడానికి పదిహేడేళ్లు పట్టింది. అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు, ఐఫోన్లు కుప్పకూలిపోయాయి. ప్రపంచ పత్రికలన్నీ "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అన్న తీరులో రాశాయి. అక్షరంలో దోషమేమీ లేదు. దాన్ని తెరమీద పేర్చే సాఫ్టువేరులో ఉంది. కొద్ది రోజుల్లోనే యాపిల్ కంపెనీ దాన్ని సరిదిద్దింది. నేరం మాత్రం కొన్నాళ్లు మన జ్ఞానం మీదే ఉండిపోయింది.

యువతరం మీది ఫిర్యాదుకు అసలు మూలం వేరొకచోట ఉంది. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్లింది. మనదేశంలో సెల్‌ఫోను 1995లో మొదలయింది. ఎస్సెమ్మెస్‌కున్న చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే అందులో 160 పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా మొత్తం సందేశం వేరే పద్ధతికి మారి 70కి కుదించుకుపోతుంది. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, వెరసి ఆరు. మెసేజికింత అని డబ్బు కట్టే రోజుల్లో, నెలవారీ ప్యాక్ కూడా పండగనాడు చెల్లదనే రోజుల్లో, తెలుగులో రాసేవాడు అదే మాటకు రెండింతలకు పైగా కట్టాలి. పైగా అవతలివాడి ఫోనులో తెలుగు లేకపోతే వాడికి కనబడేవి ఖాళీ డబ్బాలు. నేను ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో మా తరగతిలో అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు పంపుకున్నాం. ప్రబంధాలు చదివేవాళ్లం, యతిప్రాసల మీద తగవులాడుకునేవాళ్లం. భాషాభిమానానికి లోటేమీ లేదు. జేబులో డబ్బుకే లోటు.

వాట్సాప్ రాకతో మెసేజికి వెల పోయింది, ఫోనులో తెలుగు మీటలు వచ్చాయి. అయినా అలవాటు నిలిచింది. వెల పోయినా అది నేర్పిన అలవాటు ఇంకా కొంతకాలం బతకడం చరిత్రలో కొత్తేమీ కాదు.

మన వక్తలు చూడని మార్పు మరొకటుంది. 2013లో వాట్సాప్‌లోకి గొంతు సందేశం వచ్చింది. మా బడి పిల్లల తల్లుల్లో చాలామందికి చదువు రాదు. "సారూ, పిల్లకి జరమొచ్చింది, రేపు రాదు" అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పి పంపుతారు. కరణం లేడు, పంతులు లేడు, నడుమ ఇంగ్లీషు లేదు. గల్ఫుకు వలసపోయినవాళ్లు ఒకప్పుడు క్యాసెట్లలో మాటలు నింపి, ఊరికొచ్చే మనిషి చేత పంపేవారు. ఇప్పుడది క్షణం పని. గిడుగు రామమూర్తిగారు వాడుకభాష కోసం పోరాడింది పుస్తకాల్లో ప్రవేశం కోసం. ఈ తల్లుల భాష పుస్తకాన్ని దాటుకుని నేరుగా తీగ ఎక్కింది. దీన్నిబట్టి లిపి అక్కరలేదని నేననను. చదువు రాని మనిషిని గొంతు దగ్గరే ఆపేసే వ్యవస్థకు ఇది బాగా అనుకూలించే సంగతే. కాని మన కథకులు ఇన్ని మాండలికాలు ఇంత పచ్చిగా వినగలిగిన కాలం ఇంతకుముందు లేదు.

వర్తమానంలో నన్ను నిజంగా కలవరపెట్టేది పిల్లల రోమను తెలుగు కాదు, మన సొంత రాతలు. 1990 తర్వాత వెలువడిన చిన్నపత్రికలు, కవితా సంకలనాలు, కథా సంపుటాలు ఎన్నో డి.టి.పి. కేంద్రాల్లో ఆ పాత ఫాంట్లలోనే ఉండిపోయాయి. ఆమధ్య ఒక మిత్రుడి కథల సంపుటి రెండో ముద్రణకు సాయం చేస్తూ పాత సీడీ తెరిపించాం. ఫైళ్లలో సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిని యూనికోడులోకి మారిస్తే వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట. చివరికి పుస్తకం ముందు పెట్టుకుని మొదటి నుంచి మళ్లీ టైపు చేయించాం. పుస్తకమే దొరకని రచయితల గతేమిటి? శతాబ్దం కిందటి పుస్తకాన్ని కాగితం నలగకుండా ఉంటే ఇవాళ చదువుకోవచ్చు. పాతికేళ్ల కిందటి ఫైలును చదవలేకపోతున్నాం. చిన్నపత్రికలు నడిపే మిత్రులు పాత సంచికల ఫైళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో ముందు ఆరా తీయాలి. డి.టి.పి. చేసిన కార్మికులు చాలామంది ఆ పని మానేశారు. వాళ్ల ఇళ్లలో, అటకల మీద, అవి ఇంకా కొన్ని దొరుకుతాయి.