దయ్యమా? దొంగా?



ఇంట్లో నగ పోయిందనుకోండి. ఇప్పుడైతే పోలీసు స్టేషనుకు పరుగెత్తుతాం. మన అమ్మమ్మల కాలంలో కృష్ణా తీరపు పల్లెల్లో ముందుగా అంజనం వేసేవాడికి కబురు వెళ్లేది. తమలపాకు మీద కాటుక పూసి, ఓ చిన్నపిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, "ఎవరు కనిపిస్తున్నారమ్మా?" అని అడిగేవాడు. పసిపిల్లకు కనిపించేదెవరు? పొద్దుటినుంచీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి పేరు గొణుక్కుంటున్నారో వాళ్లే! చాలాసార్లు అది అంట్లు తోమే మనిషే అయ్యేది. మరికొన్ని చోట్ల అనుమానం ఉన్నవాళ్లందరికీ మంత్రించిన బియ్యం ఇచ్చి నమలమనేవారు. దొంగకు భయంతో నోరెండిపోతుంది, బియ్యం పొడిగా ఉమ్మేస్తాడు అని లెక్క. భయపడితే నోరెండటం నిజమే, అందులో కాస్త శాస్త్రం లేకపోలేదు. కానీ ఏ పాపం ఎరగని బీదమనిషికి మాత్రం, పదిమందిలో నిలబెడితే నోరెండదూ?

నేరపరిశోధనా, మంత్రతంత్రాలూ కలగలిసిన కథల గురించి చెబుతూ ఈ సంగతి ఎందుకెత్తానంటే, ఆ రెండూ మనకు పుస్తకాల్లో కంటే ముందు పెరట్లోనే కలిశాయి. అందుకని అలాంటి కథ చదివినప్పుడల్లా నేను ఒకటే చూస్తాను. చివరికి ఎవరి మీద నింద పడింది, ఎవరు బయటపడ్డారు అని.

ఇంగ్లీషువాళ్లలో కానన్ డాయిల్ 1902లో పుస్తకంగా వేసిన బాస్కర్‌విల్ వేటకుక్క కథ మీలో చాలామంది ఏదో ఒక రూపంలో చదివే ఉంటారు. వంశాన్ని వెంటాడే శాపం, నిప్పులు కక్కే కుక్క. తీరా చూస్తే అది మామూలు కుక్కే, దాని మూతికి రాసింది భాస్వరం, వెనకాల ఉన్నది ఆస్తి మీద కన్నేసిన మనిషి. విచిత్రమేమిటంటే, అంత తర్కం రాసిన డాయిల్‌గారే తర్వాత ఆత్మలతో మాట్లాడవచ్చని ఊరూరా ఉపన్యాసాలిచ్చారు! వంగదేశంలో శరదిందు బందోపాధ్యాయ ఒక చేత్తో బ్యోమకేశ్ పరిశోధనలూ, ఇంకో చేత్తో దయ్యాలను నమ్మే బరద కథలూ రాసి, ఒక కథలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

ఇక మన సంగతి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్, అసిస్టెంటు రాజు తెలియని ఇల్లు ఒకప్పుడు బెజవాడలో ఉండేది కాదేమో. ఏలూరు రోడ్డు షాపుల్లో కొనుక్కునేవారు కొందరైతే, గవర్నరుపేటలోనో సత్యనారాయణపురంలోనో అద్దెకు తెచ్చుకునేవారు ఎందరో. మగవాళ్లు ఆఫీసులకు, పిల్లలు బడికి వెళ్లాక, అన్నం గిన్నె మీద మూత పెట్టి మొదలుపెడితే సాయంత్రం పంపు నీళ్లు వచ్చేదాకా వదిలేవాళ్లం కాదు. ఆ నవలల పద్ధతి ఎలా ఉండేదంటే, పాడుబడ్డ మేడలో తెల్లచీర కనిపించినా, అర్ధరాత్రి గజ్జెలు మోగినా, చివరి పేజీల్లో టార్చిలైటు పడేసరికి అక్కడ మనిషి ఉండేవాడు. చాలావరకు ఆస్తి తగాదాయే.

1966లో వచ్చిన 'ఆమె ఎవరు?' సినిమా గుర్తుందా? హిందీ 'వో కౌన్ థీ' కి తెలుగు రూపం. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టి, ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివిన జగ్గయ్యగారు అందులో నాయకుడు, జయలలిత నాయిక. వానరాత్రి కనిపించిన తెల్లచీర మనిషే తన పెళ్లామై వచ్చిందనుకుని ఆ డాక్టరు కట్టుకున్న భార్యనే అనుమానిస్తాడు. అసలు గుట్టు కవల అక్కచెల్లెళ్లూ, ఆస్తి కోసం అతణ్ణి పిచ్చివాణ్ణి చెయ్యాలనుకున్న బంధువూ. మనవాళ్లంతా పాటల గురించి, భయం గురించి చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ భార్యే కథ. తను దయ్యం కాదని ఏ ఆడది ఎలా రుజువు చేసుకోగలదు? గుట్టు బయటపడితే తప్ప ఆమెకు విముక్తి లేదు.

1980ల మొదట్లో ఈ పద్ధతి మారిపోయింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, పత్రిక ఇంటికి రాగానే ముందెవరు చదవాలా అని తోడికోడళ్ల మధ్య పోట్లాటలు. అందులోనూ ఆస్తి ఉంది. దానికోసం ఒక పసిపిల్ల మీద ప్రయోగం చేయిస్తారు. అయితే ఇక్కడ టార్చిలైటు వేసినా దయ్యం మనిషిగా మారదు. ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం, మరోవైపు మంత్రగాడు, రెండూ సమానంగా పరుగెడతాయి. పిల్లను ఏది బతికించిందో పాఠకులే తేల్చుకోవాలి. అమెరికాలో 1971లో వచ్చిన 'ఎక్సార్సిస్ట్' నవలలోనూ ఇదే జోడింపు. పిల్లకు పట్టిన దయ్యం ఒకపక్క, హత్య కూపీ లాగే పోలీసు అధికారి ఇంకోపక్క. ఊపిరి బిగబట్టి చదివించే శక్తి యండమూరిగారికి ఉంది, కాదనను. రంగనాయకమ్మగారు మాత్రం ఆ నవలను గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ఎందుకంటే బాణామతి ఆ రోజుల్లో ఒక్క కాగితం మీదే లేదు. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టిన సంఘటనలున్నాయి. మన విజయవాడ నాస్తిక కేంద్రం, అంటే గోరాగారు 1940లో ముదునూరులో పెట్టి 1947లో పటమటకు తెచ్చినది, ఈ మూఢనమ్మకం మీద ఊళ్లు తిరిగి పనిచేసింది. గోరాగారి భార్య సరస్వతిగారైతే అంతకు ఎన్నో ఏళ్ల ముందే, కడుపుతో ఉండి గ్రహణం చూశారు. దయ్యాల కొంప అని పేరుపడ్డ ఇళ్లలో భర్తతో కాపురమున్నారు. నవలలో డిటెక్టివు చేసే పనే ఇది, జీతం లేకుండా!

బాణామతి సోకిందన్నవారిని డాక్టర్లు పరీక్షిస్తే, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఊగడం, అరవడం, మొరగడం. అత్తగారింట్లో పైకి చెప్పుకోలేని బాధ ఆ రూపంలో బయటికొస్తోందని వైద్యులు చెప్పారు. ఇక ప్రయోగం చేశాడని ఊరు వేలెత్తి చూపినవాడు చాలాసార్లు పక్కింటి బీదవాడో, దిక్కులేని ముసలమ్మో.