ఇంజిన్ చప్పుడు, కృష్ణా జిల్లా బస్సులు, ఒక సుప్రీంకోర్టు తీర్పు

మా నాన్నగారికి ఒక అంబాసిడర్ ఉంది. 1989 మోడల్, డీజిల్ బండి. అమ్మేయమని నేనూ మా అక్కా పదేళ్ళుగా పోరుతున్నాం, ఆయన వినరు. పోయినసారి తిరువూరు వెళ్ళినప్పుడు బండి స్టార్ట్ చేస్తే లోపల్నుంచి ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టు డబ్ డబ్ మని చప్పుడు. టాపెట్ల టిక్ టిక్ ఈ బండికి పుట్టుకతో వచ్చిందే, అది మాకు అలవాటు. ఇది అది కాదు. ఊళ్ళో ఎందుకులే అని తెలివిగా సిటీలో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఒకాయన నేను చెప్పింది విని కాగితం మీద "ఇంజిన్ నాయిస్" అని రెండు ముక్కలు రాసుకున్నాడు. సాయంత్రానికి ఇంకొకాయన ఫోన్ చేసి "బిగ్ ఎండ్ బేరింగులు పోయాయండీ, క్రాంక్ గ్రైండింగ్ చెయ్యాలి, మొత్తం దించాలి, 48 వేలవుతుంది" అన్నాడు. బండి స్టార్ట్ చేసి విన్నారా అని అడిగితే "మా టెక్నీషియన్ చూశాడండీ" అన్నాడు. ఆ టెక్నీషియన్ నాకు చివరిదాకా కనపడలేదు.

నాన్న మాత్రం బండి వెనక్కి తెచ్చెయ్యమన్నారు. ఆ తర్వాత సంగతి చివర్లో చెప్తాను. ఈలోగా ఈ "వినడం" అనే విద్య చరిత్ర ఏమిటో చూద్దామని కూర్చుంటే చాలా దూరం వెళ్ళాల్సొచ్చింది.

మనిషి గుండె చప్పుడు వినడానికి పారిస్‌లో లాయెనెక్ అనే డాక్టరు 1816లో కాగితం గొట్టంలా చుట్టి స్టెతస్కోప్ కనిపెట్టాడు కదా. మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవి దగ్గర ఆనించుకుని వినేది సరిగ్గా అదే పద్ధతి. తొలి రోజుల్లో కార్లకి మీటర్లు పెద్దగా ఉండేవి కావు, నడిపేవాడి చెవే మీటరు. స్టెఫాన్ క్రెబ్స్ అనే చరిత్రకారుడు జర్మనీ మీద ఈ విషయమే పరిశోధించాడు. 1920ల దాకా కారున్న ప్రతివాడూ తన బండి చప్పుళ్ళు తనే విని తెలుసుకోవాలి అనుకునేవాళ్ళట. 1930లకి వచ్చేసరికి అది మెకానిక్ పని, ఓనర్ చెవిని నమ్మకూడదు అనే మాట మొదలయ్యింది. అంటే వినే హక్కు చేతులు మారిందన్నమాట.

తప్పు డయాగ్నోసిస్ కూడా కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో కార్ల ఇంజిన్లు "నాకింగ్" కొడుతుంటే, జనం ఛార్లెస్ కెటరింగ్ తయారుచేసిన బ్యాటరీ ఇగ్నిషన్‌నే తిట్టుకున్నారు. ఆయన ఆ నింద పోగొట్టుకోవడానికి థామస్ మిడ్జ్‌లీని పురమాయించాడు. అసలు దొంగ ఇగ్నిషన్ కాదు, పెట్రోలే అని తేలింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. 1921లో మిడ్జ్‌లీ ఆ చప్పుడు ఆపడానికి కనిపెట్టిన మందు టెట్రా ఇథైల్ లెడ్, అంటే సీసం. ఇంజిన్ చప్పుడు ఆగింది, సీసం మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో ఆగింది 2021లో. ఒక చప్పుడు నొక్కేసిన పాపం నూరేళ్ళు నడిచింది.

సరే, మన ఊరికి వద్దాం. తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది (2022 నుంచి), మా తరానికి మాత్రం కృష్ణా జిల్లాయే. విజయవాడ నుంచి మైలవరం, ఎ.కొండూరు మీదుగా 70 పైచిలుకు కిలోమీటర్లు. ఆ రోడ్డే కొత్తగూడెం, భద్రాచలం దాటి జగదల్‌పూర్ పోతుంది. ఒకప్పుడు మా ఊరు దాటితే నిజాం రాజ్యం. అటువైపు 1932లోనే నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ బస్సులు మొదలుపెట్టారు. అవి స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. ఇటువైపు మద్రాసు రాష్ట్రంలో మాత్రం ప్రైవేటు ఓనర్లదే రాజ్యం. ఒకటో రెండో బస్సులున్న ఓనర్‌కి ఇంజిన్ చప్పుడు అంటే ఆ రోజు కలెక్షన్ అన్నమాట. రూట్ మధ్యలో బేరింగ్ పోతే మళ్ళీ లేచేదెప్పుడో. అందుకే డ్రైవర్, క్లీనర్, ఓనర్ ముగ్గురికీ చెవులుండాల్సిందే.

1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. దాని చూపు పడిన మొదటి జిల్లాల్లో కృష్ణా ఒకటి. ఇక్కడి బస్సు రూట్లు జాతీయం చేస్తూ ఒక స్కీమ్ తయారుచేశారు. చట్టం ప్రకారం ఓనర్ల అభ్యంతరాలు వినాలి. విన్నారు. విన్నది రవాణా శాఖ చూసే సెక్రటరీ. ఆయన విని నోట్ రాశారు. దాని మీద నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు, ఇంకొంతమంది ఓనర్లు కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబర్ 5న తీర్పు వచ్చింది. రాసింది మన కోకా సుబ్బారావు గారు, అంతకుముందు మన హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా చేసినాయన. సారాంశం ఏమిటంటే: ఒకరు విని ఇంకొకరు నిర్ణయిస్తే ఆ వినడం ఉత్త తతంగమే. ఎదురుగా ఉన్న మనిషి మాట తీరు చూసి, అనుమానం వస్తే అడిగి తేల్చుకునే వీలు కాగితం చదివేవాడికి ఉండదు. అది సహజ న్యాయానికి విరుద్ధం.

మన దేశంలో లా చదివినవాళ్ళకి ఈ కేసు బాగా తెలుసు, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది మా కృష్ణా జిల్లా బస్సుల గొడవ అని మాత్రం మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. నాకూ మొన్నటిదాకా తెలీదు. (అన్నట్టు ఓనర్లు గెలిచి సంబరపడింది కొన్నాళ్ళే. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు, స్కీమ్ ఓకే చేశారు. మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళితే 1959లో ఓడిపోయారు. విన్నవాడే నిర్ణయించాడు కదా, ఇంకేమంటారు!)

నాకైతే ఈ తీర్పు చదువుతుంటే ఆ వర్క్‌షాపు కౌంటరే కళ్ళముందు కనపడింది. విన్నవాడు ఒకడు, కాగితం ఒకటి, ఇంజిన్ దించాలన్నవాడు ఇంకొకడు. మన ఆఫీసుల్లో మాత్రం? కస్టమర్‌తో మాట్లాడేవాడు ఒకడు, టికెట్ రాసేవాడు ఇంకొకడు, రాత్రి రెండింటికి దాన్ని ఫిక్స్ చేసేవాడు మరొకడు. "సిస్టమ్ స్లో" అని టికెట్ వస్తుంది. అది "ఇంజిన్ నాయిస్" కంటే గొప్పదేం కాదు.

రూట్లు పోయాయి గానీ విద్య పోలేదు. ఊళ్ళో డిపో ఉంది, రిటైరయిన మెకానిక్కులు ఉన్నారు. నాన్న నన్ను తీసుకెళ్ళింది అలాంటి ఒక పెద్దాయన దగ్గరికే. ముప్పై ఏళ్ళ పైన బస్సుల కింద పడుకున్న మనిషి. బానెట్ ఎత్తలేదు, ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కొడుతోందా, వేడెక్కాకా బాబూ?"

"రెండుసార్లూ కొడుతోంది మేస్త్రి గారూ."

"ఎత్తెక్కేటప్పుడు పెరుగుతోందా?"

ఆలోచిస్తే పెరగడం లేదు, పైగా తగ్గుతోంది. నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచితేనే ఎక్కువ. ఆయన తలూపారు. బేరింగ్ అయితే లోడ్ పడ్డప్పుడు ఎక్కువ కొట్టాలి, వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాక ఇంకా ఎక్కువ కొట్టాలి. పిస్టన్ బోరులో వదులై కొడితే చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గాలి. టాపెట్ అయితే పైనుంచి, సన్నగా, ఇంజిన్ తిరిగే వేగంలో సగం వేగంతో వినపడాలి, ఎందుకంటే క్యామ్ తిరిగేది సగం వేగంతోనే. మనం దీన్ని స్టెప్స్ టు రిప్రొడ్యూస్ అంటాం. ఆయన దానికి పేరేమీ పెట్టలేదు.

తర్వాత బండి ఐడిలింగ్‌లో ఉండగానే ఒక్కో సిలిండర్‌కీ వెళ్ళే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ బయటికి కారనిచ్చారు. ఆ సిలిండర్ మండడం ఆగిపోతుంది. చప్పుడు గానీ తగ్గితే దొంగ అక్కడున్నట్టు. నాలుగూ చూశారు, ఇంజిన్ గజగజలాడింది గానీ డబ్ డబ్ మాత్రం అలాగే ఉంది. కోడ్‌లో ఒక్కో ఫంక్షన్ కామెంట్ చేసి రన్ చేస్తాం చూడండి, అచ్చం అదే. ఆపైన ఫ్యాన్ బెల్ట్ తీసేసి అర నిమిషం నడిపారు. చప్పుడు మారింది! ఇంజిన్ ఆపి క్రాంక్ పుల్లీ రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే లొడలొడమంది. పుల్లీని పట్టి ఉంచే పెద్ద నట్టు వదులై, లోపల కీ అరిగిపోయింది. అంతే. కీ, వాషర్, బెల్ట్, ఆయన కూలీ అన్నీ కలిపి 1,900 రూపాయలు.

ఇప్పటి బండ్లకి ఇదంతా అక్కర్లేదనొచ్చు. వాటి పెట్రోల్ ఇంజిన్‌కే చెవి ఉంది, నాక్ సెన్సర్ అని. బ్లాక్‌కి బిగించిన చిన్న పీజో ముక్క, నాకింగ్ వచ్చే 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర్లోని కంపనాన్ని పట్టుకుని టైమింగ్ తగ్గిస్తుంది. గొప్ప పరికరమే, నేను చిన్నబుచ్చను. కానీ అది వినేది దానికి నేర్పిన ఒక్క చప్పుడే. వదులైన పుల్లీ గురించి దానికెవరూ చెప్పలేదు. ఆ వర్క్‌షాపులో స్కానర్ ఉంది, మా బండిలో దాన్ని తగిలించే చోటే లేదు. అందుకే అక్కడ ఎవరికీ ఏం చెయ్యాలో తోచక ఇంజిన్ దించేద్దామన్నారని నా అనుమానం :)

పెద్దాయనకి అప్రెంటిస్ లేడు. ఉన్న ఒక కుర్రాడు మొబైల్ రిపేరు షాపు పెట్టుకుని వెళ్ళిపోయాడట. వచ్చేటప్పుడు ఆ టాపెట్ల టిక్ టిక్ కూడా తీసేస్తారా అని అడిగాను. ఉండనీమన్నారు. కాస్త వదులుగా ఉన్న టాపెట్ చప్పుడు చేస్తుంది గానీ బండిని చంపదట. మరీ బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, చప్పుడు ఉండదు, లోపల వాల్వు కాలిపోతుంది. దసరాకి వచ్చినప్పుడు బండి తెమ్మన్నారు, ఫిల్లర్ గేజ్ పెట్టి చూస్తానని.